ఒలిచిన చేతులు

“డాక్టరమ్మ తినొద్దంది గానీ, ఒలవొద్దందా?” అన్నాడు మొగుడు, కిలో రొయ్యల సంచీ ఆమె ముందు సింకులో దించి.

అంది. ఆ మాటా అంది. అప్పుడాయన గది బయట ఫోన్లో ఉన్నాడు, వినలేదు. ఇంటికొచ్చాక తనే చెప్పింది, అప్పుడూ వినలేదు.

నాలుగు రోజుల కిందట, ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని ఒకే ఒక్క రొయ్య నోట్లో వేసుకుంది మహాతల్లి. నిమిషాల్లో పెదాలు వాచి గొంతు మూసుకుపోయింది. ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఇచ్చాక గానీ ఊపిరి అందలేదు. “పదిహేనేళ్ళుగా ముట్టుకుంటున్న రొయ్యే కదండీ, ఇప్పుడెందుకు పడలేదు?” అని అడిగితే, డాక్టరమ్మ ఆమె చేతులు తిప్పి చూసింది. గిన్నెల సబ్బుకి వేళ్ళ సందులన్నీ పగిలి ఉన్నాయి.

“నోట్లోంచి వెళ్తే ఒళ్ళు చాలావరకు తిండిగానే చూస్తుందమ్మా. ఇలా పగుళ్ళలోంచి దూరిందాన్ని మాత్రం శత్రువనుకోవచ్చు. మొదట్లో ఏమీ అనదు. గుర్తుపెట్టుకుని, లోపల్లోపల సిద్ధమవుతుంది. ఈసారి తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. ముట్టుకోవద్దు, ఉడికే ఆవిరి కూడా పీల్చొద్దు. ఇదివరకు చేతులు దురద పెట్టేవా?”

పెట్టేవి. చెబితే అత్తగారు, “ఆడలేక మద్దెల ఓడందట! పనికి వంకలు,” అనేది. మొగుడు నవ్వేవాడు. దద్దుర్లు లేచినా ఒలిచింది, రొయ్య వీపు మీది నల్లనరం లాగింది, కడిగింది, వండింది, వడ్డించింది. అందరూ తిన్నాక మిగిలితే తనకి. ఎక్కడ మిగిలి చచ్చాయి! కడుపునిండా తిని తెచ్చుకున్న రోగమైనా కాదే అని ఆస్పత్రి మంచం మీద వెక్కివెక్కి ఏడ్చింది.

“పోనీ గ్లౌజులేసుకో,” అన్నాడిప్పుడు, వరమిస్తున్నట్టు.

“ఆవిరి కూడా పడదండీ.”

“సర్లేరా, మనవరాలుందిగా,” అంది అత్తగారు. “పదేళ్ళొచ్చాయి. ఇంకెప్పుడు నేర్చుకుంటుంది?”

పిల్ల పుస్తకం మూసి పరిగెత్తుకొచ్చింది. “అమ్మా, నువ్వు బయటికెళ్ళు. నేను ఒలుస్తా,” అని చేతులు చాచింది. చర్మం అచ్చం తల్లిదే. వేళ్ళ మీద, మణికట్టు దగ్గర, గీరి గీరి ఎర్రబడిన పగుళ్ళు.

ఆమె పిల్లని వెనక్కి లాగి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

“ఇది ఒలవదు. నేనూ ఒలవను.”

అత్తగారు ఏదో అనబోయి, పగుళ్ళు మానని తన వేళ్ళ వంక చూసుకుంది.

ఆమె మొగుడివైపు తిరిగింది. “ఈ ఇంట్లో పగుళ్ళు లేని చేతులు మీ ఒక్కరివేనండీ.”