దుకాణం వెనక బురద

సీసాలోని నీటిని పరీక్షించిన యంత్రం గీసిన గీతలో, విషం ఎంతుందో చూపే శిఖరం ఇంకా అక్కడే నిలబడి ఉంది. పరిశోధకురాలు ఆ కాగితాన్ని పక్కన పెట్టేసింది.

ఆమె పిన్ని నడిపే డ్రైక్లీనింగ్ దుకాణం కింద నేలలోకి ఏళ్ల తరబడి బట్టలు శుభ్రం చేసే మందు ఇంకింది. ఆ మందు వాడడం పిన్ని ఎప్పుడో మానేసినా నేల నుంచి అది పోలేదు. దాన్ని విరగ్గొట్టే సూక్ష్మజీవులు దొరక్కపోతే దుకాణం పడగొట్టి మట్టంతా తవ్వేస్తామని అధికారులు చెప్పేశారు. తల్లి పోయాక పరిశోధకురాలిని పెంచిందీ, చదివించిందీ ఆ దుకాణమే.

ఆ జీవులకు గాలి గిట్టదు. మనం ఆక్సిజన్ పీల్చి బతికినట్టు, అవి మందులోని క్లోరిన్ పరమాణువులను ఒక్కొక్కటిగా ఊడబెరుకుతూ బతుకుతాయి. అన్నీ ఊడితే మిగిలేది కాయల్ని మగ్గబెట్టే ఇథిలీన్ వాయువే. ఆమె సీసాల్లో మాత్రం చివరి క్లోరిన్ ఊడడం లేదు. అలా సగంలో ఆగిన సరుకు అసలు మందుకన్నా పెద్ద విషం; గీతలో నిలబడ్డ శిఖరం దానిదే.

సాయంత్రం దుకాణానికి వెళ్లేసరికి పిన్ని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది.

"ఏమే, మొహం అలా వేలాడేశావ్? నీ పురుగులు అలిగాయా?"

"సగం తిని వదిలేస్తున్నాయి పిన్నీ."

"ఎక్కణ్ణుంచి తెచ్చావు వాటిని?"

"ఊరవతల చెరువు నుంచి. ఏ కల్తీ లేని బురద, ఏరికోరి తెచ్చాను."

పిన్ని ఇస్త్రీపెట్టె నిలబెట్టి పడీపడీ నవ్వింది. "బురదలో కూడా శుభ్రమైంది వెతికావా తల్లీ! నా పెంపకం తగలెయ్య!"

తనూ నవ్వబోయి ఆగిపోయింది. ఆ మందు ఎన్నడూ సోకని చెరువులో, దాన్ని తిని బతికేవి ఎందుకుంటాయి?

మర్నాడు దుకాణం వెనక కాలువ పక్కన నేలలోకి గొట్టం దించి, అడుగునున్న నల్లటి బురద తీసింది. గాలి తగలకుండా వెంటనే మూత బిగించింది. పిన్ని ముక్కు మూసుకుని, "ఛీ, ఏం కంపే!" అంది. అన్నా అక్కడి నుంచి కదల్లేదు.

ఆ బురద వేసిన కొత్త సీసాల్లో కొన్ని వారాలకు ఆ శిఖరం కుంగింది. తర్వాత పూర్తిగా మాయమైంది. పరిశోధకురాలు సీసాను రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఫలితాలు చూసి అధికారులు తవ్వకం మానుకున్నారు. ఆ జీవులకు నేలలోకే మేత పంపడానికి ఒప్పుకున్నారు.

ఆ కబురు విని పిన్ని వెనక తలుపు తీసి, నేలకేసి చాలాసేపు చూసింది.

"ఇన్నాళ్లూ నేను చేసిన పాడంతా కిక్కురుమనకుండా తింటూ కూర్చున్నాయా?"

"తినగలిగినంత తిన్నాయి పిన్నీ. మేత చాలక నెమ్మదించాయి. చక్కెర మడ్డి కలిపిన నీళ్లు పంపితే పుంజుకుంటాయి."

పిన్ని కళ్లు తుడుచుకుంది. "మొదటి బిందె నేనే పోస్తాను" అంది. "ఎవరూ అడక్కుండానే నా ఇల్లు నిలబెట్టాయి. వాటికి నా చేత్తో పెట్టకపోతే ఎలాగే?"