ఇరవై రెండు ఇస్త్రీ బల్లలు

బావ వ్యాపార సదస్సుకు వెళ్లేటప్పుడు మామూలు మనిషే. తిరిగొచ్చేసరికి చంకలో ఒక సంచి, జేబులో కొత్త పెన్ను, నోట్లో ఒకే ఒక్క మాట చేరాయి. ఆ మాట అవకాశం. అన్నం ముందు కూర్చున్నా అవకాశమే, చెప్పులు తొడుక్కుంటున్నా అవకాశమే. అక్క రెండు రోజులు ఓపిగ్గా విన్నది. మూడో రోజు "తిన్న కంచం తీసే అవకాశం కూడా ఉంది, చూడు" అని లోపలికి వెళ్లిపోయింది.

మరదలికి, అంటే అక్క చెల్లెలికి, వినే తీరికే లేదు. బావ కంప్యూటర్ల దుకాణంలో మాటలన్నీ ముందుగదిలో, పని అంతా వెనకగదిలో. వెనకగది ఆమెది. పెట్టెలు విప్పడం, భాగాలు బిగించడం, తీగలు కలపడం, ఆన్ చేసి చూడడం ఆమె వంతు. ఎనిమిదేళ్లుగా ఆ దుకాణం గడప దాటిన ప్రతి కంప్యూటరూ ఆమె చేతుల మీదుగా పోయిందే. దుకాణం బోర్డు మీద మాత్రం బావ ఫోటో ఉంటుంది, చేతులు కట్టుకుని, ఎవరో నవ్వమంటే నవ్వినట్టు.

సదస్సులో టై కట్టుకున్న ఒకాయన చెప్పాడట: కొనేవాడు ఎక్కడున్నాడని వెతక్కండి, బల్ల ఎక్కడుందో వెతకండి, బల్ల ఉన్న ప్రతిచోటా కంప్యూటర్‌కు చోటుంటుంది. ఆ ముక్క బావ బుర్రలో మేకులా దిగిపోయింది. ఆ రోజు నుంచి వీధుల వెంట తిరుగుతూ కొట్లలోకి తొంగిచూసి బల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మందుల షాపులో మూడు. ప్రింటింగ్ ప్రెస్సులో తొమ్మిది. క్షౌరశాలలో అద్దం కింద చెక్క ఉంటే దాన్ని సగం బల్ల కింద జమకట్టి రాసుకున్నాడు. ఇలా రాసుకుంటూ రాసుకుంటూ ఒకనాడు పెద్ద లాండ్రీ ముందు ఆగిపోయాడు. మరదల్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు, సాంకేతిక విషయాలు అడిగితే చెప్పడానికి.

ఆ లాండ్రీకి ఆస్పత్రుల నుంచి, హోటళ్ల నుంచి దుప్పట్లు, దిండు గలేబులు, తువ్వాళ్లు మూటల్లెక్కన వస్తాయి. కౌంటర్ వెనక పెద్ద హాలు. హాలంతా ఆవిరి. ఆ ఆవిరిలో వరసగా బల్లలు.

"చూశావా?" అని బావ మరదలి చెవిలో గొణిగాడు. "ఇరవై రెండు."

"అవి ఇస్త్రీ బల్లలు బావా."

"బల్లలే కదా."

"వాటి మీద బట్టలు ఇస్త్రీ చేస్తారు."

"ఇప్పటిదాకా చేశారు" అన్నాడు బావ, రాబోయే కాలాన్ని ఇప్పుడే చూసొచ్చినట్టు.

లాండ్రీ యజమాని తెల్ల బూట్ల మనిషి. పుట్టి బుద్ధెరిగాక ఇస్త్రీపెట్టె పట్టుకోలేదు గానీ, ఇస్త్రీ గురించి గంటసేపు మాట్లాడగలడు. పక్కవీధి లాండ్రీలో కౌంటర్ దగ్గర కంప్యూటర్ పెట్టి బిల్లులు అచ్చు వేస్తున్నారని తెలిసినప్పటి నుంచి ఆయనకు ముద్ద దిగడం లేదు. అందుకే ఈ కంప్యూటర్ ఏం చేస్తుందని అడగలేదు.

"వాళ్లదానికన్నా పెద్దదేనా?" అన్నాడు.

"వాళ్లది ఒక్కటి సార్. మీకు ఇరవై రెండు" అన్నాడు బావ. "ఒక్కటి పెట్టుకుంటే అది వస్తువు. అన్నీ కలిపితే వ్యవస్థ. కౌంటర్, ఉతుకు, ఇస్త్రీ, డెలివరీ అన్నీ కలిపేస్తాను. ఇక్కడ మీట నొక్కితే ఏ దుప్పటి ఎవరిదో అక్కడ తెలుస్తుంది."

"ఇప్పుడెలా తెలుస్తోంది?" అని మరదలు అడిగింది. బావ ఆమె కాలు తొక్కాడు.

"ఆ మూల ఒక ముసలావిడ ఉంది" అన్నాడు యజమాని. "ఏవో దారాలు కుడుతుంది. ఆ పిచ్చేమిటో ఆవిడకే తెలియాలి."

కిటికీ కింద చిన్న పీట మీద ఒకావిడ కూర్చుని ఉంది. అందరూ గుర్తులావిడ అంటారు. ముందు దారపు ఉండలు, ఒళ్లో దుప్పటి. మూట రాగానే ప్రతి బట్టకూ అంచున నాలుగు కుట్లు వేస్తుంది. దారం రంగు చూస్తే ఏ ఆస్పత్రో ఏ హోటలో తెలుస్తుంది. ముడులు లెక్కపెడితే ఎన్నో అంతస్తో తెలుస్తుంది. ఏ మూల కుట్టిందో చూస్తే ఏ రోజు తిరిగి పంపాలో తెలుస్తుంది. ఎంత ఉడకబెట్టినా ఆ కుట్టు ఊడదు. ముప్పై ఏళ్లుగా ఒకరి దుప్పటి ఇంకొకరికి పోలేదంటే ఆ కుట్ల వల్లే. ఆ లెక్క మాత్రం ఆవిడ ఒక్కదానికే తెలుసు.

"ముందు ఆరు పెట్టు. వారం చూస్తాను" అన్నాడు యజమాని. "శనివారం మా లాండ్రీల సంఘంవాళ్లందర్నీ పిలుస్తా. వాళ్ల ముందు సరిగ్గా నడిస్తే మొత్తం ఇరవై రెండూ తీసుకుంటా. ఆవిణ్ని ఇంటికి పంపేస్తా."

విరిగిన కుర్చీని బయట పారేయించడం గురించి చెప్పినట్టు చెప్పాడు. గుర్తులావిడ పంటితో దారం కొరకబోతూ ఒక్క క్షణం ఆగింది. తర్వాత కొరికి, సూదిలోకి కొత్త దారం ఎక్కించుకుంది. ఆ ఆగడం మరదలు చూసింది.

ఆదివారం కంప్యూటర్లు పెట్టారు. రెండు కౌంటర్లో, ఒకటి ఉతికే గదిలో, రెండు హాల్లో, ఒకటి డెలివరీ దగ్గర. హాల్లో గాలి నిండా బట్టల నూగు. అది కంప్యూటర్ల ఫ్యాన్లలో చేరి గడ్డకడుతుందని మరదలు చెప్పింది. బావ వినిపించుకోలేదు. ఇక ప్రతి మధ్యాహ్నం ఆమే వచ్చి, పెట్టెలు విప్పి, బ్రష్షుతో నూగు దులిపి వెళ్లాల్సి వచ్చింది. ఆ పనిలోనే గుర్తులావిడతో మాటలు కలిశాయి.

"పనిపోతే ఏం చేస్తారు పెద్దమ్మా?"

"ఏం చేస్తాను తల్లీ. మా ఆయన రెండేళ్లుగా మంచం మీదే. ఆయన మందులన్నీ ఈ దారానికే వేలాడుతున్నాయి. ఇంట్లో కూర్చుంటే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండాలి. పెళ్లైన కొత్తలోనే ఆ పని సరిగ్గా చేసినవాళ్లం కాదు."

మరదలు నవ్వింది. ఆవిడ నవ్వలేదు. దుప్పటి మడత మార్చి తర్వాతి మూల వెతుక్కుంది.

సోమవారం నాడు వ్యవస్థ మొదలైంది. కౌంటర్ గుమాస్తా నంబర్లు కొట్టాడు. ప్రింటర్ చకచకా స్టిక్కర్లు కక్కింది. ఒక్కో బట్టకు ఒక్కో స్టిక్కర్ అంటించి ఉతుకుకు పంపారు. కుట్లు వేయొద్దని యజమాని గట్టిగా చెప్పాడు గానీ, గుర్తులావిడ చెయ్యి ఊరుకోక అలవాటు కొద్దీ వేసేసింది. బావ చేతులు కట్టుకుని, బోర్డు మీద ఫోటోలోలాగే నిలబడ్డాడు.

గంట తర్వాత ఉతికే యంత్రం తెరిస్తే దుప్పట్లు వచ్చాయి. స్టిక్కర్లు గంజిలా నీళ్లలో తేలుతున్నాయి. నాలుగు వందల దుప్పట్లు, అన్నీ తెల్లవే, అన్నీ ఒకే పొడవు.

బావ తడుముకోలేదు. ఆ విద్య ఆయనకు పుట్టుకతోనే వచ్చింది. "దీన్ని మేం ముందే ఊహించాం సార్. స్టిక్కర్ ఉతికాక అంటించాలి."

"అదీ మాట" అన్నాడు యజమాని.

"ఉతికాక ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది?" అంది మరదలు.

బావ మళ్లీ ఆమె కాలు తొక్కాడు. చివరికి గుమాస్తా నసుగుతూ, "గుర్తులమ్మ చెబుతుందిగా" అన్నాడు.

ఆ రోజు నుంచి పద్ధతి అలా కుదిరింది. గుర్తులావిడ తడి దుప్పటి మూల పట్టుకుని "పిల్లల ఆస్పత్రి, మూడో అంతస్తు, గురువారం" అంటుంది. గుమాస్తా అదే కొడతాడు. ఆవిడ చెప్పిన ముక్కనే ప్రింటర్ నంబరుగా మార్చి బయటికి వదులుతుంది. అంతకుముందు ఒక మనిషి ఒక మాటతో ముగించే పనికి ఇప్పుడు ఒక మనిషి, ఒక గుమాస్తా, ఆరు కంప్యూటర్లు, ఒక జిగురు కాగితం కావాల్సి వచ్చాయి. పొరపాటు మాత్రం ఒక్కటీ జరగలేదు. యజమాని వచ్చినవాళ్లందరికీ తెర చూపించి, "ఎవరి దుప్పటో కనిపెట్టేస్తోంది, చూడండి" అని మురిసిపోయాడు.

"బావా, చెప్పేది ఆవిడ. కంప్యూటర్ రాసుకుంటోందంతే" అంది మరదలు, ఇంటికి వస్తూ.

"అదే ఇంటిగ్రేషన్ అంటే. మనిషిని, యంత్రాన్ని కలపడం."

"ఆ మనిషిని తీసేస్తున్నారుగా?"

"అప్పటికి ఇరవై రెండూ అమ్మేసి ఉంటాం" అన్నాడు బావ. ఆయన మొహంలో ఏ కపటమూ లేదు. అదే ఆమెకు మరీ ఒళ్లు మండించింది. తెలిసి చేసేవాడైతే నాలుగు తిట్లతో తేల్చుకోవచ్చు.

గురువారం యజమాని గుర్తులావిణ్ని పిలిపించాడు. మరదలు అక్కడే ఒక కంప్యూటర్ మూత విప్పి కూర్చుని ఉంది.

"శనివారం పెద్దవాళ్లు వస్తారు. నువ్వూ నీ దారాలూ వాళ్ల కంట పడకూడదు" అన్నాడు. "ఆ బుట్టల వెనక కూర్చుని, గుమాస్తాకి మెల్లగా చెబుతూ ఉండు. సాయంత్రం నీకు గోడగడియారం ఇస్తాం. సోమవారం నుంచి రానక్కర్లేదు."

"అలాగే అయ్యా" అందావిడ.

మరదలి చేతిలో బ్రష్షు ఆగిపోయింది. బుట్టల వెనక నుంచి చెప్పమంటున్నాడంటే ఎవరు చెబితే నడుస్తోందో ఈయనకు తెలుసు. సోమవారం రావద్దంటున్నాడంటే తెలియదు. రెండూ ఒకే తలకాయలో, ఒకదానికొకటి తగలకుండా, హాయిగా కాపురం చేస్తున్నాయి.

యజమాని వెళ్లాక ఆమె పీట దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చుంది.

"పెద్దమ్మా, శనివారం మీరు రాకండి."

"పని మానమంటావా? జ్వరంతో కూడా వచ్చాను తల్లీ."

"రావద్దన్నది ఆయనే కదా. రెండు రోజుల ముందు నుంచే ఆ మాట వినండి."

గుర్తులావిడ ఆమె మొహంలోకి చూసింది. "మీ బావకి నష్టం కాదూ?"

"మా బావకి ఇంతవరకు ఏ నష్టమూ రాలేదు. వచ్చినవన్నీ నాకే వచ్చాయి."

ఆవిడ మళ్లీ సూది అందుకుంది. సాయంత్రం వరకు కుట్టింది. శుక్రవారం కూడా వచ్చి కుట్టింది. పొద్దు వాలాక దారపు ఉండలన్నీ ఒక డబ్బాలో సర్దుకుని, ఆ డబ్బా చంకన పెట్టుకుని వెళ్లింది. అంతకుముందు డబ్బా ఎప్పుడూ పీట కిందే ఉండేది.

శనివారం హాల్లో కుర్చీలు వేశారు. బిస్కెట్లు పెట్టారు. ఇస్త్రీవాళ్లకు ఉతికిన చొక్కాలు ఇచ్చారు. సంఘంవాళ్లు పదిహేను మంది వచ్చారు. పక్కవీధి లాండ్రీ యజమానురాలు కూడా వచ్చింది. సన్నటి మనిషి, కళ్లజోడు గొలుసుతో మెళ్లో వేలాడుతోంది. ఆమె చూసి ఏడ్చి చావాలనే ఉద్దేశంతో యజమాని మొదటి వరసలో కూర్చోబెట్టాడు.

బావ లేచి అవకాశం గురించి మాట్లాడాడు. అరగంట మాట్లాడాడు. తర్వాత ఉతికిన దుప్పట్ల బుట్టను తోసుకొచ్చారు. గుమాస్తా కీబోర్డు మీద వేళ్లు పెట్టి, వెనక బుట్టల వైపు తల తిప్పి "చెప్పమ్మా" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు.

గుమాస్తా లేచి వెనక్కి వెళ్లి చూసి వచ్చాడు. "ఆవిడ రాలేదండి."

"ఆవిడెందుకు? కంప్యూటర్ ఉందిగా" అన్నాడు యజమాని, అతిథుల వైపు నవ్వుతూ.

"ఉందండి. దానికెవరు చెబుతారు?"

బావ వచ్చి ఒక మీట నొక్కాడు. ఇంకో మీట నొక్కాడు. ఎవరివి అని రాసి ఉన్న గడిలో చిన్న గీత మినుకు మినుకుమంటూ అడుగుతూనే ఉంది. ఆరు తెరల మీదా అదే ప్రశ్న. కుర్చీల్లో ఎవరో దగ్గారు. బయట హోటల్ వ్యాను డ్రైవరు, సరుకు ఎప్పుడిస్తారని కేకలు మొదలుపెట్టాడు. యజమాని చిరాకెత్తి, ఏవో ఒక మూట కట్టి పంపేయమన్నాడు. అయిదు నిమిషాల్లో ఆ డ్రైవరు మూట విప్పుకుని హాల్లోకే వచ్చాడు.

"ఇవి ఆపరేషన్ గదివండి, మందుల వాసన ఇంకా పోలేదు. మా రూముల్లో ఇవి పరిస్తే దిగేవాళ్లు పారిపోతారు" అన్నాడు.

సంఘంవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఒకాయన ఆపుకోవాలని ప్రయత్నించి బిస్కెట్ పొలమారి మంచినీళ్లు అడిగాడు.

పక్కవీధి యజమానురాలు మాత్రం నవ్వలేదు. ఆమె లేచి, ఆ దుప్పటి మూల పట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని కుట్టు చూసింది. వేలితో గీరింది. పక్కన నిలబడ్డ మరదలి దగ్గరికి వచ్చింది.

"ఇవి కుట్టిందెవరమ్మా?"

"ఇక్కడ పనిచేసే ఆవిడండి. ఇక రావద్దన్నారు."

"వద్దన్నాడా?" ఆమె వెనక్కి తిరిగి యజమానిని ఒకసారి ఆపాదమస్తకం చూసింది. "మా దగ్గరా కంప్యూటర్ ఉంది. బిల్లులు చక్కగా కొడుతుంది, కాదనను. దుప్పటి ఎవరిదో మాత్రం దానికి పట్టదు. వారానికి రెండుసార్లు ఆస్పత్రివాళ్ల చేత మాటలు పడుతున్నాను. ఆవిడ ఇల్లెక్కడ?"

మరదలు దారి చెప్పింది. పాల కేంద్రం దాటాక రెండో సందు, పచ్చ తలుపు. ఆమె సరేనని తలూపి, ఎవరికీ చెప్పకుండా బయటికి నడిచింది.

యజమాని అప్పటికి తేరుకుని గుమాస్తాను స్కూటర్ మీద గుర్తులావిడ ఇంటికి తరిమాడు. వాడు తిరిగి వచ్చేసరికి కుర్చీలు సగం ఖాళీ.

"ఆ మేడమ్ అప్పటికే అక్కడ కూర్చుని టీ తాగుతున్నారండి" అన్నాడు. "సోమవారం నుంచి గుర్తులమ్మ వాళ్ల దగ్గరికి వెళ్తుందట. గోడగడియారం మీరే ఉంచుకోమంది."

యజమాని తెల్ల బూట్ల వంక చూసుకున్నాడు. తర్వాత బావ వంక చూశాడు. ఆ ఆరు పెట్టెలూ తన కళ్ల ముందు నుంచి సాయంత్రంలోగా పోవాలన్నాడు.

మరదలు నేలమీద కూర్చుని తీగలు ఊడదీయసాగింది. బావ కాసేపు అటూ ఇటూ తిరిగి ఆమె పక్కన చేరాడు.

"ఆ కళ్లజోడు మేడమ్ నీతో ఏదో మాట్లాడింది. ఆర్డర్ గురించేనా?"

"ఆమెకి కావాల్సింది దొరికింది. వెళ్లిపోయింది."

"మనల్ని అడగకుండానా?"

"నన్నడిగింది. ఇల్లెక్కడో చెప్పాను."

ఆ మాట అర్థం కావడానికి బావకు కొంత సమయం పట్టింది. అయ్యాక జేబులోంచి కొత్త పెన్ను తీసి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. అంతసేపూ ఆమె తలెత్తలేదు. చేతికి తీగ చుట్టుకుంటూ, చుట్టకు అంటిన నూగును ఊదేస్తూ, తర్వాతి కంప్యూటర్ దగ్గరికి జరిగింది.