అక్క చూసిన ఎరుపు

చెల్లెలింటికి వారం రోజులుందామని వచ్చిన అక్క, మర్నాటి సాయంత్రానికల్లా ఆ ఇంట్లో ఎవరు దేనికి భయపడుతున్నారో పోల్చుకుంది. చెల్లెలు మొగుడికి భయపడటం లేదు. మొగుడు చెల్లెలికి భయపడటం లేదు. ఇద్దరూ కలిసి రైలుకు భయపడుతున్నారు.

సంగతేమిటంటే, నగరానికి అవతలి కొసన ఒక పళ్ల డాక్టరమ్మ ఉంది. ఆవిడ క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటూ, బుగ్గ పట్టుకుని మూలిగేవాళ్లకు కాస్త ధైర్యం చెప్పే ఉద్యోగం చెల్లెలికి ఇస్తానంది. చెల్లెలికి ఆ పని మీద మనసు పడింది. వస్తుందో రాదో రేపు సాయంత్రంలోగా చెప్పాలి. అక్కడికి ఒక బస్సూ, రెండు రైళ్లూ మారి వెళ్లాలి.

ఈ ఊరొచ్చిన కొత్తలో చెల్లెలు ఒకసారి రైలెక్కి, దిగాల్సిన చోట దిగకుండా ఆఖరి స్టేషన్ దాకా పోయింది. అక్కడ బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే మొగుడు కారేసుకుని వెళ్లి తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ రైలు మొహం చూడలేదు. ఎక్కడికైనా ఆయనే దింపుతాడు. ఆయన ఆఫీసేమో ఇవతలి కొసన.

"నేను వద్దనట్లేదు వదినా," అన్నాడు మరిది భోజనాల బల్ల దగ్గర. "దీనికి దిక్కులు తెలియవు. లిఫ్ట్ దిగి ఎడమకి తిరగమంటే కుడికి తిరుగుతుంది."

"ఎడమ అని చెప్పి కుడిచెయ్యి చూపిస్తే ఎటు తిరగమంటారు?" అంది చెల్లెలు. అని, మళ్లీ కంచంలోకి చూస్తూ, "అయినా ఆయన చెప్పేదీ నిజమేలే అక్కా. నా వల్ల కాదు," అంది.

ఆ చివరి మాట అక్కకు మింగుడుపడలేదు. అక్క తన ఊళ్లో పేరున్న దర్జీ. కుదరలేదన్న ప్రతి రవికెనూ విప్పి మళ్లీ కుట్టే మనిషి. చిన్నప్పుడు ఆమె కుట్టిన గౌన్లు వేసుకునే పెరిగింది చెల్లెలు.

"ఇదిగో మరిదీ," అంది. "నిన్న దిగినదాన్ని. మీ స్నానాలగదిలో వేడినీళ్లు ఎటు తిప్పితే వస్తాయో కూడా ఇంకా తెలీదు నాకు. రేపు నేనొక్కదాన్నే ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లొస్తా. టీ వేళకి ఇంట్లో ఉన్నాననుకో, ఇది ఉద్యోగంలో చేరుతుంది. దారి తప్పి నీకు ఫోన్ చేశాననుకో, ఇక ఈ ఊసెత్తను."

"చేస్తారు లెండి," అన్నాడు మరిది నవ్వుతూ. "కారు తాళాలు జేబులోనే పెట్టుకు తిరుగుతా. పెద్ద స్టేషన్‌లో ఎర్ర లైనుకి మారండి. ఐదో స్టేషన్‌లో దిగి బయటికొస్తే ఎదురుగా పెద్ద పన్ను బొమ్మ ఉంటుంది. స్టేషన్ పేరు కూడా రాసివ్వనా?"

"ఎరుపు చాలు. రంగుల సంగతి నాకు చెప్పకు," అంది అక్క.

పొద్దున బస్సులో టికెట్ కార్డు తిరగేసి పెట్టినందుకు యంత్రం గుర్రుమంది. డ్రైవరు తల తిప్పకుండానే, "అటు కాదమ్మా, బొమ్మ పైకి," అన్నాడు. ఆ తర్వాత అంతా సాఫీగా సాగింది. మొదటి రైల్లో అందరూ ఫోన్లలోకి చూసుకుంటుంటే, అక్క తీరుబడిగా వాళ్ల బట్టలు చూసింది. ఎదురుగా నిలబడ్డ పెద్దమనిషి కోటుకు ఒక భుజం రెండోదానికంటే దిగజారి ఉంది. కుట్టినవాడు మొహమాటపడి ఉంటాడు, మనిషిని నిటారుగా నిలబడమనలేక. ఇంత వినోదం ఇంత చవగ్గా దొరుకుతుంటే చెల్లెలు కార్లో కూర్చుని మొగుడి మొహం ఎలా చూస్తోందో ఆమెకు అర్థం కాలేదు.

పెద్ద స్టేషన్‌లో టికెట్ల కిటికీ పక్కన గోడంత పటం ఉంది. అక్క కళ్లజోడు పెట్టుకుని నిలబడింది. ఇంకెవరైనా అయితే రెండు చూపుల్లో తేల్చుకుని పోయేవాళ్లు. అక్క చూపు అలాంటిది కాదు. గుడ్డకు దారం జత చెయ్యడానికి వీధిలోకెళ్లి పగటి వెలుగులో చూసుకుంటే తప్ప తృప్తి లేని మనిషి. పటంలో ఎరుపు జాతివి రెండు గీతలున్నాయి. ఒకటి ఇటుక రంగు. దాన్ని ఎరుపంటే దర్జీలోకం నవ్వుతుంది. రెండోది, ఏ వంకా పెట్టలేని అచ్చమైన ఎరుపు. అక్క ఆ రెండో గీత చివర రాసి ఉన్న స్టేషన్ పేరు చూసుకుని, ఆ పేరున్న ప్లాట్‌ఫాం మీదికి దిగి, రైలెక్కింది.

ఐదో స్టేషన్‌లో దిగి బయటికొచ్చింది. పన్ను లేదు. ఎదురుగా సవరాల కొట్టు. అద్దం వెనక వరసగా తలలు, తలల మీద రకరకాల జుట్టు. పళ్ల కోసం వస్తే జుట్టు దొరికిందేమిటనుకుంది అక్క. రోడ్డు అటు చివరికీ ఇటు చివరికీ నడిచి చూసింది. ఎక్కడా పన్ను లేదు.

చెయ్యి సంచీలోకి వెళ్లి ఫోన్ పట్టుకుంది. మరిది నవ్వు మొహమూ, చెల్లెలి వంచిన తలా కళ్లముందు కదిలాయి. ఫోన్ వదిలేసి, పక్కన బేకరీలో బన్ను కొనుక్కుని, బెంచీ మీద కూర్చుని నింపాదిగా తిన్నది. కడుపులో ఏదో పడ్డాక ఊరు అంత పెద్దగా కనిపించలేదు. లేచి సవరాల కొట్టులోకి వెళ్లింది.

"పళ్ల డాక్టరా? అది ఎర్ర లైను మీద," అంది కొట్టావిడ, ఒక తలకు దువ్వుతూ.

"నేనొచ్చింది ఎర్ర లైనే కదమ్మా."

"ఇది మెరూను."

"మెరూను నాకు తెలీదా? నేను దర్జీని. పటంలో ఉన్నది మెరూను కాదు."

కొట్టావిడ దువ్వెన ఆపింది. "టికెట్ల కిటికీ పక్కనున్న పటమేనా? పొద్దస్తమానం దాని మీదే ఎండ. ఎరుపు వెలిసి ఇటుకయింది, మెరూను వెలిసి ఎరుపయింది. అందరికీ తెలుసే."

"తెలిసినప్పుడు కొత్తది అంటించొచ్చుగా."

"అందరికీ తెలిసినప్పుడు ఇంకెందుకంటిస్తారు?"

అక్క కొట్టులోంచి బయటపడింది. వెనక్కి వెళ్లి, ఇటుకలాంటి ఎరుపు పట్టుకుని, పన్ను బొమ్మ చేరింది. డాక్టరమ్మ చూసీ చూడగానే కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమంది. మాట్లాడే వీలు చిక్కాక తను ఫలానా అని చెప్పుకుంటే, నవ్వి ముందు బల్ల చూపించింది. కిటికీ పక్క కుర్చీ, మంచి వెలుగు. వచ్చేటప్పుడు ఒక పళ్ల బ్రష్షు చేతిలో పెట్టి పంపింది.

ఇంట్లో టీ మరుగుతోంది. ఆఫీసు నుంచి ముందే వచ్చేసిన మరిది తాళాలు గలగలలాడిస్తూ పచార్లు చేస్తున్నాడు. అక్క బ్రష్షు తీసి బల్ల మీద పెట్టింది.

"అయితే తప్పిపోలేదన్నమాట," అన్నాడు మరిది, కాస్త నిరాశగా.

అక్క అవునందామనుకుంది. అంతలో చెల్లెలు, "నీ సంగతి వేరక్కా. నువ్వు ఏదైనా చెయ్యగలవు," అని, కప్పులు తుడవసాగింది. మాటలో మెచ్చుకోలు ఉంది కానీ, ఉద్యోగం లేదు.

"తప్పిపోకపోవడమేమిటే," అంది అక్క. "శుభ్రంగా తప్పిపోయాను." ఇటుక రంగు దగ్గర్నుంచి సవరాల దాకా ఏదీ దాచకుండా చెప్పింది.

చెల్లెలు కప్పు పట్టుకుని అలాగే నిలబడింది. "ఏడుపు రాలేదూ?"

"వచ్చేదే. ఆకలి ముందొచ్చింది."

"తర్వాత?"

"తర్వాతేముంది, బన్ను తిని అడిగాను. మెత్తగా ఉంది బన్ను."

చెల్లెలు కప్పు మళ్లీ తుడవడం మొదలెట్టింది. "రైలెక్కే ముందే ఎవర్నైనా అడిగుంటే పోయేది కదా."

"పోయేది."

"నేనైతే అడిగేదాన్ని."

అక్క టీ ఊదుకుంటూ కూర్చుంది. చెల్లెలు కప్పు దింపి, ఫోన్ తీసుకుని పక్కగదిలోకి వెళ్లింది.

"ఇది అన్యాయం వదినా," అన్నాడు మరిది మెల్లగా. "తప్పిపోయారుగా మీరు."

"ఫోన్ చేశానా నీకు? అవునుగానీ, ఆ ఎర్ర లైను నువ్వెప్పుడైనా ఎక్కావా?"

"ఎక్కలేదు. కార్లో పోతుంటే వంతెన మీద కనిపిస్తుంది."

"ఏ రంగులో?"

పక్కగదిలోంచి చెల్లెలి గొంతు వినిపించింది. "సోమవారం నుంచి వస్తానండీ. ఆహా, కార్లో కాదు, రైల్లోనే."

మరిది చేతిలోని తాళాలు ఒకసారి చూసుకుని, గోడకున్న కొక్కేనికి తగిలించాడు.