మణికట్టు కొలత

షట్టర్ ఎత్తగానే అక్క ముందు ఊడ్చేది. నిన్న కోసిన కడ్డీల రజను నేలంతా మెరుస్తూ ఉండేది. తరవాత ఇనుప తలల్ని వంచే యంత్రానికి రెండు చుక్కల నూనె, జిగురు డబ్బాకి మూత బిగిసిందో లేదో చూసుకోవడం, ఒక కప్పు టీ. గోల్ఫ్ మైదానం వెనక గేటుకి ఎదురుగా ఉన్న ఆ ఇరుకు షాపులో ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

ఆవిడ పని, మనిషిని చూసి గోల్ఫ్ కర్ర కట్టడం. ఎవరు బంతిని ఎలా కొడతారో చూసి, వాళ్ళకి తగిన పొడవుకి కడ్డీ కోసి, కింద ఇనుప తల అతికించి, పైన రబ్బరు పట్టు తొడిగి ఇచ్చేది. పెద్ద షాపుల్లో వరసగా నిలబెట్టి అమ్మే కర్రతో ఆడటమంటే పక్కింటాయన చెప్పులు తొడుక్కుని ఊరికి బయల్దేరడమే అనేది.

ఆవిడ కట్టిన కర్రలకి ఒక గుణం ఉండేది. కొలతలిచ్చిన రోజున ఒళ్ళు ఎలా ఉందో, ఆ తరవాత ఏ కర్ర పట్టుకున్నా, పట్టుకున్నంతసేపూ ఒళ్ళు అలాగే ఉండిపోయేది. అందుకే ముసలాళ్ళు ఎండ బాగా కాసి కీళ్ళు కాస్త వదులైన రోజు చూసుకుని వచ్చేవాళ్ళు. డెబ్భై దాటినా కర్ర చేతిలోకి రాగానే యాభై రెండేళ్ళ నడుముతో తిరిగే పళ్ళ డాక్టరొకడు ఉన్నాడు. రిటైరైన జడ్జిగారొకాయన మాత్రం తొందరపడి, ఎక్కిళ్ళు వస్తున్నా దాచి కొలతలిచ్చాడు. అప్పట్నించీ కర్ర ఎత్తితే ఎక్కిలి. చూసేవాళ్ళకి నవ్వు, ఆయనకి నరకం. మళ్ళీ కొలత తీయాలంటే చేతిలో కర్ర ఉండాలి, కర్ర ఉంటే ఎక్కిలి ఉంటుంది. మనిషికి కొలత ఒక్కసారే.

ఆ జడ్జిగారి పుణ్యాన అక్క ఒక నియమం పెట్టుకుంది. ఎవరొచ్చినా ముందు గడపలో నిలబెట్టి, ఒంట్లో ఎలా ఉందని అడిగేది. కాస్త జలుబున్నా సరే, వెనక్కి పంపేసేది. మేయరే వచ్చి మెడ పట్టేసిందంటే, తగ్గాక రమ్మని తలుపేసింది.

ఇంట్లో ఉన్నది అక్కా, చెల్లెలూ. ఇద్దరికీ పద్దెనిమిదేళ్ళు తేడా. తల్లి పోయేనాటికి చిన్నది పాలు తాగే పిల్ల. దాన్ని అక్క కడుపులో పెట్టుకుని పెంచింది. తనకంటూ మరో సంసారం ఏర్పరచుకోలేదు. ఎవరన్నా అడిగితే, నాకు తీరికేదీ అనేది. చెల్లెలు నాలుగేళ్ళప్పుడే విరిగిన కర్రముక్కతో బంతి కొట్టడం మొదలెట్టింది. ఇరవై ఏళ్ళకి ఆ మైదానంలో దాని ముందు నిలబడే మగాడు లేడు. అదంతా ఎవరెవరో పారేసిన కర్రలతోనే.

ఊళ్ళో అందరికీ కర్రలు కట్టే అక్క సొంత చెల్లెలికి కట్టలేదు. ఎదిగే ఒంటికి కట్టకూడదే, పదహారేళ్ళకి కడితే పదహారేళ్ళ ఎత్తుకే ఉండిపోతావు అనేది. నిజమే. కానీ ఆ పిల్ల ఎదగడం ఆగి రెండేళ్ళయింది. అక్క మాత్రం నెలనెలా గోడకి నిలబెట్టి కొలిచి, ఇంకా వెంట్రుకవాసి పెరుగుతున్నావు అనేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

అసలు సంగతి అక్కకీ తెలుసు. కర్రలు చేతికొచ్చిన రోజున పిల్ల ఎగిరిపోతుంది.

ఆ ఏడాది ఎంపిక పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళని ఒక పెద్ద కంపెనీ వేరే నగరానికి తీసుకెళ్ళి, ఇల్లిచ్చి, గురువుని పెట్టి ఆడిస్తుంది. మూడు వారాలుందనగా చెల్లెలు అన్నం తింటూ మాట తీసింది. నువ్వు ఈ వారం కట్టకపోతే వద్దులే, ఎలాగోలా గెలుస్తాను, తరవాత కంపెనీవాళ్ళే కడతారు, వాళ్ళ దగ్గర కెమెరాలున్నాయి, యంత్రాలున్నాయి అంది. ఆగి, "నీ పని మంచిదే అక్కా. కానీ చిన్న పని" అంది.

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాం. దాటకముందే అగ్గిపుల్ల గీసే పిల్లని అక్క ఆ రోజే చూసింది. కంచం తీస్తూ, ఆదివారం పొద్దున షాపుకి రమ్మంది.

శనివారం సాయంత్రం మైదానం మెట్ల మీద తడికి జారి, చెల్లెలు ఎడం చెయ్యి ఆనించి పడింది. మణికట్టు బెణికింది. నాలుగు రోజుల్లో తగ్గే బెణుకు. చెప్పొచ్చు. కానీ చెబితే అక్క పంపేస్తుంది, ఆ తరవాత ఇంకో ఆదివారం ఎప్పటికి వస్తుందో ఎవరికి తెలుసు? రెండేళ్ళుగా గోడకి నిలబడిన పిల్ల అది. నోరు మూసుకుంది.

ఆదివారం పొద్దున టీ కప్పు కుడిచేత్తో అందుకుంది. పుట్టి బుద్ధెరిగాక దానికి కప్పు ఎడంచేతిలోనే. అక్క చూసింది. చెల్లెలు షాపు గడపలో ఆగి నిలబడింది.

"లోపలికి రా" అంది అక్క.

"అడగవా?"

"నిన్ను అడిగేదేముంది? ఒకే ఇంట్లో ఉంటున్నాం కదా."

చెల్లెలు ఊపిరి వదిలి లోపలికి వచ్చింది. అక్క కర్ర అడుగున టేపు అంటించి ఇచ్చింది, నేల మీద పరిచిన గట్టి పలక మీద బంతి పెట్టింది. కర్ర తగిలినచోట పలక టేపుని గీస్తుంది. ఆ గీత కడ్డీ అతికిన మడమ వైపు పడిందా, తల చివర ముక్కు వైపు పడిందా అన్నదాన్ని బట్టి తలని ఎంత వంచాలో తెలుస్తుంది. పది బంతులకీ గీత మడమ వైపే పడింది. మణికట్టుని కాపాడుకునే మనిషి దెబ్బ అది. ప్రతి దెబ్బకీ పిల్ల పళ్ళు బిగించడం అక్కకి పక్కనుంచి కనిపిస్తూనే ఉంది. ఆపడానికి ఒక్క మాట చాలు. అక్క పెన్సిలుతో కొలతలు రాసుకుంది.

ఆవిడ లెక్క సూటిగానే ఉంది. నొప్పి ఉంటే గెలవదు. గెలవకపోతే పోదు. ఏడుస్తుంది, నాలుగు రోజులకి మానుతుంది, షాపులో నా పక్కన కూర్చుంటుంది. నేను చూసుకోనా?

కానీ కట్టడానికి కూర్చున్నాక ఆ చేతులు ఆవిడ మాట వినలేదు. ఇరవై రెండేళ్ళుగా చెడ్డ కర్ర కట్టి ఎరగని చేతులవి. నొప్పి చేతికి తగ్గట్టు పట్టు లావు చేసింది. కడ్డీ తేలిక చేసింది. తలని రెండు డిగ్రీలు వంచి, మళ్ళీ చూసి, మరో అర డిగ్రీ వంచింది. అంత మంచి కర్రలు ఆవిడ అంతకుముందు కట్టలేదు. చేసిన ద్రోహాన్ని కూడా శ్రద్ధగా చేసే మనుషులుంటారు.

చెల్లెలు గెలిచింది. నాలుగు రోజులకి బెణుకు పోయింది, కుండ ఎత్తగలదు, తడిబట్ట పిండగలదు. కర్ర పట్టుకుంటే మాత్రం నొప్పి. ఆ నొప్పితోనే బంతి గీత గీసినట్టు పోయేది. పది దెబ్బల తేడాతో గెలిచి, అక్క వంక చూడకుండా కంపెనీ కారెక్కింది.

రెండేళ్ళపాటు పేపర్లో ఫొటోలే. దవడ బిగించిన ఆ మొహం చూసి ఎంత ఏకాగ్రతో అని రాసేవాళ్ళు. అక్క ఆ ముక్కలు కత్తిరించి దాచలేదు, పారెయ్యనూ లేదు. మడిచి జిగురు డబ్బా కింద పెట్టేది.

మూడో ఏడు ఒక మధ్యాహ్నం చెల్లెలు వచ్చింది. కర్రలకి బంతి తగిలే మొహాలు అరిగిపోయాయి. కంపెనీవాళ్ళు కెమెరాలతో కొలిచి కొత్తవి కట్టారట, బంతులన్నీ మైదానంలోని నీటిగుంటల్లోకి పోయాయట. ఆ చేతికి కర్ర కట్టడం ఒక్క మనిషికే తెలుసు. ఈ సంగతంతా చెప్పి చెల్లెలు సంచి దింపింది.

"పాత కొలతలు నా దగ్గరున్నాయి" అంది అక్క. "నువ్వు కొట్టక్కర్లేదు. వారంలో పంపిస్తాను."

"కొడతాను."

"ఎందుకే? నొప్పి కదా."

మాట నోరు దాటాక గానీ ఏమన్నదో ఆవిడకి తెలియలేదు. ఆ నొప్పి గురించి చెల్లెలు ఎవరికీ చెప్పలేదు, అక్కకి కూడా.

"నేను దాచాను. నువ్వు చూశావు" అంది చెల్లెలు. గొంతు పెంచలేదు. "నువ్వు చూశావో లేదో అనే రెండేళ్ళు ఆలోచించాను. ఇప్పుడు తెలిసింది."

"మానెయ్యి తల్లీ. ఇంటికొచ్చెయ్యి. నేను చూసుకుంటాను."

"నాకు వచ్చింది ఇదొక్కటే అక్కా."

చెల్లెలు పలక మీద నిలబడి మొదటి బంతి కొట్టింది. పళ్ళు బిగించి రెండోది. పది అయ్యాయి, ఇరవై అయ్యాయి. అక్క గోడవైపు తిరిగితే, ఇటు తిరుగు అంది. వచ్చే ఏడాది మళ్ళీ అరుగుతాయి, మళ్ళీ వస్తాను, ప్రతి ఏడూ వస్తాను అంది. యాభై బంతులు దాటాక చెల్లెలి జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయింది. చాలు, నీకు దండం పెడతానని అక్క ఏడ్చింది.

"వంగలేకపోతున్నాను. నువ్వు పెట్టు" అంది చెల్లెలు.

అక్క మోకాళ్ళ మీద కూర్చుని, పలక మీద మరో బంతి పెట్టింది.