ఖాళీ గడి

కంప్యూటర్ మళ్ళీ కీచుమంది. పట్టికలో చివరి వరస దగ్గరకి వచ్చేసరికి అది మొరాయించడం పొద్దుట్నించీ ఎన్నోసారో ఉమ లెక్కపెట్టడం మానేసింది. ఝీలులో, అంటే ఆ పెద్ద చెరువులో, తీసిన ప్రతి పాయింటుకీ రెండు సంగతులు కావాలి. ఎక్కడ తీశారన్నది ఒకటి, అక్కడ నీళ్ళెంత లోతన్నది రెండోది. రెండూ ఉంటేనే సాఫ్ట్‌వేర్ దాన్ని పటంలో పెట్టుకుంటుంది. ఈ చివరిదానికి చోటుంది, లోతు లేదు. చోటుని గట్టుమీది సర్వేయరు థియొడొలైట్ దుర్భిణిలో చూసి రాసుకున్నాడు. లోతు కేకేసి చెప్పవలసినవాడు నూకయ్య. అతను చెప్పలేదు. కొలతాడుతో మునిగినవాడు మళ్ళీ పైకి రాలేదు.

మలంచా రోడ్డులో సైకిళ్ళ షాపు మీద రెండు గదులు అచ్యుతరావు గారి సర్వే ఆఫీసు. నూకయ్య పెళ్ళాం స్వర్ణకుమారి పొద్దున్నే వచ్చి మెట్లమీద కూర్చుంది. పనిలో ఉండగా పోయాడని ఒక్క ముక్క రాసిస్తే పరిహారం కోసం లేబరాఫీసుకి పోతానంటోంది. అచ్యుతరావు ఆమెను దాటుకుంటూ కిందికి దిగాడు, టీ తాగాడు, దాటుకుంటూ పైకొచ్చాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. దసరా పూజలకి పనివాళ్ళందరికీ బట్టలు పెడతాడు. బట్టలు పెట్టే చేతికి ఒక్క సంతకం ఎంత బరువో మాత్రం ఇలాంటప్పుడే తెలుస్తుంది.

అసలు సర్వే పోయిన నెలకే అయిపోయింది. పాయింట్లన్నీ ఎక్కించి ఉమ పటం తీస్తే, తూర్పువైపు ఝీలు మధ్యలో దిబ్బలాంటిది లేచింది. అక్కడ గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని పడవ పోలేదు, పాయింట్లూ రాలేదు. చుట్టుపక్కల లోతుల్నిబట్టి సాఫ్ట్‌వేర్ తనకి తోచింది నింపేసింది. ఆ దిబ్బను అచ్యుతరావుకి చూపించింది ఉమే. ఇలా పంపిస్తే పని ఇచ్చిన కలకత్తావాళ్ళు నవ్విపోతారని కూడా అంది. పని తెలిసినదాన్నని కాస్త గొప్పగానే అంది.

వారం తిరక్కుండా నూకయ్యని పంపారు. రోజుకి నలభై, నీళ్ళలోకి దిగితే పైన పది. పది రూపాయలకి అతను నడుముకి కొలతాడు చుట్టుకుని, గుర్రపుడెక్కని రెండు చేతులా తోసుకుంటూ పోయాడు. ఆ డెక్క వేళ్ళే కాళ్ళకి చుట్టుకున్నాయి.

మధ్యాహ్నం దాటాక అచ్యుతరావు కుర్చీ లాక్కుని ఉమ పక్కన కూర్చున్నాడు. గొంతు తగ్గించి, ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. సర్వే అంతకుముందే అయిపోయిందట. నూకయ్య ఆ రోజు తన మానాన తాను చేపలకి దిగాడట. పోలీసులకీ తాను అలాగే చెప్పాడట. కాబట్టి ఆ తారీకుతో ఒక్క పాయింటు కూడా మిగలకూడదు.

"ఆ రోజు వరసలన్నీ తీసియ్యమ్మా. ఆ కాస్త ఖాళీ సాఫ్ట్‌వేరే నింపుకుంటాది. మీ నాన్న మొహం చూసి నీకీ పనిచ్చినాను. ఠీక్ హై?"

ఉమ ఆ వరసల్ని ఎంచింది. అవన్నీ తెల్లగా వెలిగాయి. ఇక ఒక్క మీట నొక్కితే చాలు, చెరిగిపోతాయి. నాన్న రిటైరై ట్రాఫిక్ కాలనీలో రైల్వే క్వార్టరు ఖాళీ చేశాక, అద్దె కడుతున్నది ఈ జీతంతోనే. ఆమెకి భయం వేసింది. ఇంటిల్లిపాదీ కళ్ళముందు మెదిలారు. వేలు మీట మీదికి వెళ్ళింది కూడా.

ఆరడుగులు. ఏడున్నర. తొమ్మిది. ఒక్కొక్క అంకె ఆ మనిషి నీళ్ళలోంచి గొంతెత్తి వేసిన కేక. అవి కావాలని అడిగింది తనే.

"ఆ రోజు సాఫ్ట్‌వేర్ నింపింది పనికిరాదనే కద సార్, ఆయన్ని దింపినారు. ఇయాళ ఎలాగ సరిపోతాది?"

అచ్యుతరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏటి నువ్వనీది?"

"నేను తియ్యను సార్."

మీట మీంచి వేలు వెనక్కి వచ్చేసింది.

అతను అరవలేదు. రేపట్నించి రానక్కర్లేదన్నాడు. హిజ్లీలో ఈ పని చేసిపెట్టే కుర్రాళ్ళు బోలెడుమంది ఉన్నారని చెప్పి, ఫోను చెయ్యడానికి లోపలి గదిలోకి వెళ్ళాడు.

ఉమ మెట్ల దగ్గరికి పోయి స్వర్ణకుమారిని పైకి తీసుకొచ్చింది. తన కుర్చీలో కూర్చోబెట్టింది. ఇవి మీ ఆయన తీసిన లోతులు, ఆ రోజువే, అని వరస వెంట వరస వేలు పెట్టి చూపించింది. స్వర్ణకుమారికి చదువు రాదు. వేలు ఎటు పోతే అటే చూసింది.

"అక్కడ పాయింట్లు నేవని సారుకి సెప్పింది నేనే అక్కా," అంది ఉమ. దాచుకోవడం ఆమె వల్ల కాలేదు.

స్వర్ణకుమారి ఉమ మొహంకేసి చూడలేదు. చెంగుతో అరచెయ్యి తుడుచుకుని, తెరమీద చివరి వరసలో ఖాళీ గడి మీద వేలుంచింది.

"ఇక్కడెంత లోతు?"

లోపల అచ్యుతరావు ఎవరినో రేపు తొమ్మిదింటికల్లా రమ్మంటున్నాడు. స్వర్ణకుమారి వేలు తియ్యలేదు.

"సెప్పమ్మా. మా ఆయన దిగినకాడ ఎంత లోతు?"