పాపారావుగారు వెయ్యని అప్పీలు

ముప్పై ఆరో సంవత్సరంలో ఏలూరు ఫుట్‌బాలు షీల్డు లీగు మొదలైనప్పుడు తాడేపల్లిగూడెం జట్టుని ఎవరూ లెక్కచెయ్యలేదు. జనవరి నెలాఖరుకి ఆరు జట్లలోనూ అదే పైన ఉంది.

జట్టు పాపారావుగారి రైసుమిల్లుది. బంతులు, బనీన్లు, శనివారం శనివారం ఏలూరు వెళ్లిరావడానికి రైలు టిక్కెట్లు, ఆట అయ్యాక ఇడ్లీలు, అన్నీ ఆయనే చూసుకునేవారు. ఆటగాళ్లలో సగంమంది ఆ మిల్లులో బస్తాలు మోసేవాళ్లే. ఆట చూడడానికి ఊళ్లోంచి రైలెక్కి వెళ్లేవాళ్లు ఎంత లేదన్నా ఎనభై మంది ఉండేవారు. వాళ్లందరికీ పెద్దదిక్కు, మిషను బడిలో నాలుగో తరగతి చెప్పే దేవసహాయం మేస్టారు. బళ్లో గొంతెత్తని మనిషి, గ్రౌండులో మాత్రం గొంతు పోయేదాకా అరిచేవాడు. మర్నాడు ఆదివారం మిషను గుడిలో ఆయన నోరు కదులుతుండేది గాని పాట వచ్చేది కాదు. పక్క బల్ల మీద నుంచి ఆయన భార్య విజయకుమారి ఓరగా చూసి, ఇద్దరి వంతూ తనే పాడేది.

జనవరి మొదట్లో మిల్లులో ధాన్యం బస్తా జారి ఎజ్రా మోకాలి మీద పడింది. ముందువరసలో గోల్సు కొట్టేవాడు అతనే. ఆటగాళ్ల పేర్ల పట్టీ అక్టోబరులోనే ఇచ్చెయ్యాలి, తర్వాత కొత్తపేరు చేర్చడానికి వీల్లేదని లీగు రూలు. సరిగ్గా అప్పుడే కొల్లేటి లంక నుంచి సత్తిరాజనే కుర్రవాడు వచ్చి మిల్లులో కూలికి చేరాడు. ఇరవై ఏళ్లుంటాయి. మోకాటి లోతు బురదలో పరిగెత్తి పెరిగిన కాళ్లు కదా, గట్టినేల మీద వాటికి అడ్డు లేకపోయింది. మిల్లు వెనక దొడ్లో అతను బంతి తన్నడం చూసి దేవసహాయానికి ఆ పూట అన్నం సయించలేదు.

"ఎజ్రా పేరు మీద ఆడించేద్దామండీ. ఏలూరులో వీళ్ల మొహాలు ఎవరికి తెలుసు?" అన్నాడు పాపారావుగారితో.

పాపారావుగారు రెండు రోజులు తటపటాయించి సరేనన్నారు. మంచం మీదున్న ఎజ్రా కూడా నవ్వి, "నా పేరైనా ఆడుతుంది లెండి మేస్టారూ" అన్నాడు.

సత్తిరాజు మూడు ఆటల్లో ఏడు గోల్సు కొట్టాడు. ప్రతి గోలుకీ దేవసహాయం "ఎజ్రా!" అని అరిచేవాడు, వెనక ఎనభై గొంతులు అందుకునేవి.

నాలుగో ఆటకి సత్తిరాజు తల్లి ముత్యాలమ్మ వచ్చింది. లంక నుంచి తాటిదోనెలో, అక్కడి నుంచి కాలవ పడవలో, ఒక పూటంతా ప్రయాణం చేసి వచ్చింది. కొడుకు ఏదో ఆట ఆడుతున్నాడట, జనం చప్పట్లు కొడుతున్నారట అని విని చూడ్డానికి వచ్చిందంతే. పాపారావుగారు ఆవిణ్ణి తన కుర్చీ పక్కనే కూచోబెట్టుకున్నారు. ఆవిడ కుర్చీ వద్దని కిందే కూచుంది.

కాసేపటికి ఆవిడ తలెత్తి, "బాబుగారూ, మావాడికే కదండీ అందరూ చప్పట్లు కొడుతున్నారు? మరి ఎవరిదో పేరు అరుస్తారేంటండీ?" అంది.

పాపారావుగారు కండువా సర్దుకుని గ్రౌండు వైపు తిరిగారు.

రెండో సగంలో అవతలి జట్టు బ్యాకు సత్తిరాజుని గట్టిగా గుద్దుకున్నాడు. సత్తిరాజు పడిపోయాడు. తల నేలకి తగిలి కదలకుండా ఉండిపోయాడు. జనం ఇంకా నోళ్లు తెరుచుకుని చూస్తూండగానే ముత్యాలమ్మ గీత దాటి మధ్యకి పరిగెత్తింది. కొడుకు తల ఒళ్లో పెట్టుకుని, "సత్తీ! ఒరే సత్తిరాజూ! లేరా నాయనా, మీ అమ్మనిరా!" అని గ్రౌండు దద్దరిల్లేలా ఏడ్చింది.

ఆ మాట వినని మనిషి అక్కడ లేడు.

సత్తిరాజు లేచాడు. తల్లిని మెల్లిగా గీత దాకా తీసుకొచ్చి దింపి, వెళ్లి ఇంకో గోలు కూడా కొట్టాడు. ఆట గెలిచారు. కాని సోమవారానికల్లా అవతలి జట్టువాళ్ల ఫిర్యాదు లీగు కమిటీకి చేరింది. ఆ గురువారం తీర్పు వచ్చింది. సత్తిరాజు ఆడిన నాలుగు ఆటల పాయింట్లూ రద్దు. అతను ఈ సీజను ఇంక ఆడకూడదు. అప్పీలు చేసుకోవడానికి గడువు వారం.

పైనున్న జట్టు అయిదో స్థానానికి పడిపోయింది. షీల్డు మీద ఆశ వదులుకోవాల్సిందే, అప్పీలు నెగ్గితే తప్ప.

అప్పీలు నెగ్గుతుందని ఏలూరు ప్లీడరొకాయన ధైర్యం చెప్పాడు. "సాక్ష్యమేముందండీ? ఒక ఆడమనిషి అరుపు. ఆవిడెవరో మాకు తెలీదు, మతి స్థిమితం లేని మనిషి అని రాసిస్తే చాలు. ఆ కుర్రాడు వచ్చి నా పేరు ఎజ్రా అంటాడు. అంతటితో సరి" అన్నాడు. దేవసహాయం ఆ మాట మోసుకొచ్చి ఊళ్లో అందరికీ చెప్పాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ ఆదివారమే పాపారావుగారు, శిక్షకి ఒప్పుకుంటున్నాం, అప్పీలు చెయ్యడం లేదు అని కమిటీకి ఉత్తరం రాసి పంపేశారు.

సోమవారం ఆ సంగతి తెలిసేసరికి మిల్లు గేటు ముందు యాభైమంది చేరారు. దేవసహాయం ముందు నిలబడ్డాడు.

"ఏవండీ పాపారావుగారూ, విన్నది నిజమేనా అండీ?"

"నిజమే మేస్టారూ. ఒప్పుకున్నాను."

"మమ్మల్ని ఒక్క మాట అడగలేదేమండీ? మీరు డబ్బు పెట్టారు, కాదనం. మేం గొంతులు పెట్టామండీ. పనులు మానుకుని వచ్చాం."

"తెలుసండీ."

"తక్కిన జట్లు ఇలాంటివి చెయ్యలేదా? భీమవరంవాళ్లు చెయ్యలేదా? పట్టుబడ్డాం కాబట్టి మనమే దొంగలమా?"

పాపారావుగారు మెడ మీది కండువా తీసి మొహం తుడుచుకున్నారు. "మనం చేసిన పనే కదా మేస్టారూ, ఒప్పుకున్నాను" అన్నారు. నమస్కారం పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

"ఆయనకి షీల్డు అక్కర్లేదండీ. కమిటీ ప్రెసిడెంటుతో తగువు పడడం ఇష్టం లేదు, పెద్దమనుషులూ పెద్దమనుషులూ ఒకటి" అన్నాడొకడు. ఇంకొకడు గేటుకి కట్టిన జట్టు జెండా పీకేశాడు. వద్దని దేవసహాయం అనలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి రూల్సు పుస్తకం మళ్లీ తిరగేశాడు. జట్టు యజమాని ఒప్పుకున్నా, ఆటగాడు సొంతంగా అర్జీ పెట్టుకోవచ్చని అందులో ఉంది. వెంటనే కూచుని తన గుండ్రటి చేతిరాతతో అర్జీ రాశాడు. మర్నాడు బడి విడిచాక నలభైమంది చేత సంతకాలు పెట్టించాడు. ఇంక సత్తిరాజు వేలిముద్ర ఒక్కటే కావాలి. ఆట నిలిచిపోవడంతో అతను తల్లితో లంకకి వెళ్లిపోయాడు.

విజయకుమారి బియ్యం ఏరుతూ, "ఏం రాశారో నాకోసారి చదివి వినిపించండి" అంది.

దేవసహాయం చదవడం మొదలుపెట్టాడు. "ఆ స్త్రీ ఎవరో మేమెరుగము. ఆమె మతి స్థిమితము లేని..." అక్కడ ఆగాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

విజయకుమారి చేటలోంచి ఒక రాయి తీసి అవతల పారేసింది. "పొద్దున్నే బయల్దేరతారా? చద్దన్నం కట్టిస్తాను" అంది.

బుధవారం బడికి సెలవు పెట్టి దేవసహాయం పొద్దున్న పాసింజరులో ఏలూరు వెళ్లి, కాలవ పడవెక్కి, సరస్సు అంచున దిగి తాటిదోనె మాట్లాడుకున్నాడు. కిక్కిస పొదల మధ్య నుంచి దోనె సాగుతూంటే కొంగలు గుంపులుగా లేచి అవతల వాలుతున్నాయి. కమిటీ ముందు సత్తిరాజు ఎలా నిలబడాలో, ఏ ప్రశ్నకి ఏం చెప్పాలో దారి పొడుగునా మనసులో వల్లెవేసుకున్నాడు.

లంకలో ముత్యాలమ్మ గుడిసె ముందు సత్తిరాజు వల బాగుచేస్తున్నాడు. తలకి కట్టు ఉంది. మేస్టారిని చూసి గబుక్కున లేచాడు. ముత్యాలమ్మ బయటికొచ్చి, చాప దులిపి వేసి, చేతులు కట్టుకు నిలబడింది.

"మేస్టారుగారూ, తప్పు నాదేనండీ" అంది, ఆయన కూచోకముందే. "నేనలా అరవకుండా ఉండాల్సిందండీ. కళ్లు తెరవకపోయేసరికి పోయాడేమో అనుకున్నానండీ. నాకు ఇంకేం గుర్తు రాలేదు. వీడి నాన్న కూడా అలాగే, దోనెలోంచి తీసుకొచ్చి పడుకోబెడితే మరి కళ్లు తెరవలేదండీ."

"అమ్మా, ఊరుకోవే" అన్నాడు సత్తిరాజు.

"నన్ను చెప్పనీరా. పాపారావుగారు శనివారం వచ్చినప్పుడు కూడా చెప్పానండీ."

దేవసహాయం తలెత్తాడు. "పాపారావుగారు ఇక్కడికి వచ్చారా?"

"వచ్చారండీ. ఈ చాప మీదే కూచున్నారు. వీడి దెబ్బ చూసి పోదామని వచ్చానన్నారు. నేనే అడిగానండీ, నన్ను ఆ కమిటీవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి బాబూ అని. వీడు నా కొడుకు కాదని చెబుతాను. పిచ్చిదాన్నని చెప్పమన్నా చెబుతాను. నాకేం సిగ్గులేదండీ. వాణ్ణి ఆడనిస్తే చాలు." ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మీరైనా తీసుకెళ్లండి మేస్టారుగారూ. వాడు అలా పరిగెడుతూంటే ఎంత బాగుందండీ."

"పాపారావుగారు ఏమన్నారమ్మా?"

"ఏమీ అనలేదండీ. చాలాసేపు అలా కూచుని, లేచి నాకు దణ్ణం పెట్టారండీ. అంత పెద్దాయన! నాకు ఎక్కడికి పోవాలో తెలీలేదు."

అర్జీ దేవసహాయం చొక్కా జేబులోనే ఉంది. తీసి ముందు పెడితే సత్తిరాజు వేలిముద్ర వేస్తాడు. తల్లి కూడా వేస్తుంది. ఇద్దరూ తన మొహంలోకి, తను ఏం చెబితే అది చెయ్యడానికి చూస్తున్నారు.

"నేను ఆ పని మీద రాలేదమ్మా" అన్నాడు చివరికి. "కైకలూరు వెళ్తూ, మీవాడి దెబ్బ ఎలా ఉందో చూసిపోదామని వచ్చాను." తరవాత, అదీ అబద్ధమేనని తోచిందేమో, తల దించుకుని, "ఆ పేరు మార్చే ఆలోచన నాదేనమ్మా. మీరు మీ అబ్బాయిని మీరు పెట్టుకున్న పేరుతో పిలిచారు. అందులో తప్పేం లేదు" అన్నాడు.

ముత్యాలమ్మ కొర్రమీను పులుసుతో అన్నం పెట్టింది. చద్దన్నం మూట సత్తిరాజు తిన్నాడు.

గురువారం మధ్యాహ్నం బళ్లో గంట కొట్టగానే దేవసహాయం మిల్లుకి వెళ్లాడు. పాపారావుగారు ధాన్యం గుప్పిట్లో పోసుకుని చూస్తున్నారు.

"లంకకి వెళ్లొచ్చానండీ" అన్నాడు దేవసహాయం.

పాపారావుగారు అరచేతిలో గింజలు మళ్లీ బస్తాలో పోశారు. "సత్తిరాజు వేలిముద్ర వేయించుకొచ్చారా?"

"లేదండీ." దగ్గరికొచ్చి, "ఆవిడ అన్న మాట మాకు ఆరోజే చెప్పొచ్చు కదండీ? మిమ్మల్ని అన్ని మాటలు అన్నాం" అన్నాడు.

"చెబితే ఏమనేవాళ్లు మేస్టారూ? ఆవిడే ఒప్పుకుంది కదండీ, ఇంకేం అడ్డం అనేవాళ్లు."

దేవసహాయం ఆలోచించాడు. "అనేవాళ్లమేనండీ" అన్నాడు. "ముందు నేనే అనేవాణ్ణి."

పాపారావుగారు నవ్వారు. చాలా రోజుల తర్వాత నవ్వినట్టు ఆ నవ్వు ఇబ్బందిగా ఉంది. "నాకూ షీల్డు కావాలనే ఉందండీ. పెట్టుకోడానికి ఆఫీసు గదిలో మేకు కూడా కొట్టించాను. శనివారం ఆవిడ ఆ మాట అనేదాకా అప్పీలు చేద్దామనే ఉన్నాను."

అర్జీ పంపడం లేదని దేవసహాయం చెబితే సంతకాలు పెట్టినవాళ్లు ఆయన మీద విరుచుకుపడ్డారు. జరిగింది చెప్పాడు. కొందరికి అర్థమైంది. కొందరు, ఆవిడ ఒప్పుకున్నప్పుడు మీకేం పోయింది అన్నారు. ఇద్దరు ముగ్గురైతే మిల్లు యజమాని మేస్టారిని కూడా మంచి చేసుకున్నాడని ఏడాది పొడుగునా అంటూనే ఉన్నారు. మిగిలిన ఆటలకి రైల్లో పాతిక మంది కూడా వెళ్లలేదు. షీల్డు భీమవరం వెళ్లింది. ఆ రాత్రి దేవసహాయం బాధపడలేదంటే అబద్ధం.

మరుసటి అక్టోబరులో పేర్ల పట్టీ రాయడానికి పాపారావుగారు మేస్టారినే పిలిచారు. సత్తిరాజు పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఒక్క అక్షరం కూడా పోకుండా రాశాడు. ఎజ్రా మోకాలు పూర్తిగా బాగుపడలేదు గాని గోలు దగ్గర నిలబడగలుగుతున్నాడు. అతని పేరూ రాశాడు.

మొదటి ఆటకి విజయకుమారి కూడా రైలెక్కింది. ముత్యాలమ్మ వస్తుందని తెలిసి, ఒక్కత్తినీ మగాళ్ల మధ్య వదలడం బాగుండదని వచ్చింది. ఇద్దరూ గడ్డి మీద చాప వేసుకు కూచున్నారు. వేరుశనక్కాయలు వొలుచుకుంటూ ఆట చూశారు. చూసినకొద్దీ ఇద్దరికీ అనుమానాలు పెరిగాయి.

"ఏవండీ" అంది విజయకుమారి భర్త చొక్కా లాగి, "ముత్యాలమ్మగారు అడుగుతున్నారు. ఇందాక అబ్బాయి బంతి లోపలికి కొడితే అది గోలు కాదన్నారట, ఎందుకని?"

"అది ఆఫ్‌సైడు!" అన్నాడు దేవసహాయం. ఇద్దరు ఆడవాళ్లూ మొహమొహాలు చూసుకున్నారు. ఆయనలోని మేస్టారు ఊరుకోలేకపోయాడు. గ్రౌండుకి వీపు పెట్టి వాళ్ల ముందు గొంతుక్కూచుని, నాలుగు వేరుశనక్కాయలు వరసగా పేర్చి, ఇది గోలు కీపరు, ఇది బ్యాకు, బంతి కొట్టే క్షణానికి మనవాడు ఇక్కడ ఉన్నాడనుకోండి అని మొదలుపెట్టాడు.

ఆయన మూడో కాయ జరుపుతుండగా వెనక గ్రౌండంతా ఒక్కసారి లేచింది. "సత్తిరాజూ!" అని వంద గొంతులు అరిచాయి. ముత్యాలమ్మ ఒళ్లోని కాయలన్నీ చెదిరిపోయేలా లేచి నిలబడింది. పాపారావుగారు కుర్చీ ఎక్కి కండువా ఊపుతున్నారు.

దేవసహాయం గిరుక్కున తిరిగాడు. అప్పటికే బంతి వలలో ఉంది.

"ఎలా కొట్టాడు? ఏ కాలితో కొట్టాడు?" అని అడిగాడు పక్కవాళ్లని. ఎవరూ వినిపించుకునే స్థితిలో లేరు.

"ఎడంకాలండీ మేస్టారుగారూ" అంది ముత్యాలమ్మ, నవ్వూ ఏడుపూ కలిసిపోయిన గొంతుతో. "కూచోండి, చెబుతాను."