ఆయా చేతికే ఇచ్చాను

పాపని అందరూ వసపిట్ట అనేవారు. పొద్దున లేచింది మొదలు రాత్రి కళ్లు మూతలు పడేదాకా ఆ నోరు ఆగేది కాదు. "దీని నోటికి ఆదివారం కూడా సెలవు లేదే!" అని తండ్రి నవ్వేవాడు.

అలాంటి పిల్ల ఒకరోజు స్కూలు వ్యాన్‌లో, వెనక సీట్లో నిద్రపోయింది. ముందు రాత్రంతా జలుబుతో ముక్కు దిబ్బడేసి సరిగా పడుకోలేదు. స్కూలు దగ్గర మిగతా పిల్లలందరూ దిగారు. డ్రైవర్ వెనక్కి తిరిగి చూడకుండా వ్యాన్‌ని ఎండలో ఆపి, తలుపులు వేసేసి టీ తాగడానికి పోయాడు. టీచర్ హాజరు పిలిచినప్పుడు పాప పలకలేదు. ఇవాళ రాలేదు కాబోలు అనుకుంది టీచర్. పిల్లలు రాకపోతే ఇంటికి ఫోన్ చేయాల్సిన గుమస్తా, ఎవరో పెద్దవాళ్లు స్కూలు చూడ్డానికి వస్తున్నారన్న హడావిడిలో ఆ మాటే మరిచాడు. మళ్లీ ఎవరైనా ఆ తలుపు తీసేసరికి అంతా అయిపోయింది.

పాప తల్లి బజారు చివర కళ్లద్దాల షాపులో పని చేసేది. లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆవిడ పని. తనకి కళ్లజోడే లేకపోయినా వీధి మొత్తానికీ ఆవిడ కళ్లద్దాలమ్మే. ఆసుపత్రి వరండాలో ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి ఉంటే, అత్తగారు వచ్చి రెండు భుజాలూ పట్టుకుని కుదిపేసింది.

"ఎవరి చేతికిచ్చావే నా బంగారాన్ని? చెప్పవే! ఎవరి చేతికిచ్చావు?"

భర్త చూస్తున్నాడు. పక్కనే పోలీసు కాగితం, పెన్ను పట్టుకుని చూస్తున్నాడు.

"ఆయా చేతికే ఇచ్చాను," అంది కళ్లద్దాలమ్మ.

ఆ రోజు వ్యాన్‌లో ఆయా లేదు. రోజూ మెట్టు మీద నిలబడి "రా నా తల్లీ" అంటూ పాపని చంకల్లో చేతులేసి ఎత్తుకునే మనిషి ఆ పొద్దున కనబడలేదు. "ఆయమ్మ ఏదీ?" అని కళ్లద్దాలమ్మ అడిగింది కూడా. "స్కూల్లో హాలు కడగాలని ఆపేశారమ్మా. తొందరగా ఎక్కించండి," అన్నాడు డ్రైవర్. షాపుకి ఆలస్యమవుతోంది. తనే పాపని ఎత్తి, వెనక సీట్లో కూర్చోబెట్టి, ముక్కు తుడిచి దిగింది.

ఆ సంగతి చెబితే, ఆయా లేదని తెలిసీ ఎలా ఎక్కించావని అడుగుతారు. ఆ క్షణంలో ఆ ప్రశ్న వినే ఓపిక ఆమెలో లేదు. రేపు చెబుదాం అనుకుంది. రేపటికల్లా ఆయాని పట్టుకుపోయారు.

తర్వాత తప్పెవరిదని ఎవరికీ వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఆయాని తామే హాలు పనికి పెట్టామని ప్రిన్సిపాల్ చెప్పలేదు. వ్యాన్‌లో ఆయా ఉందని డ్రైవర్ చెప్పాడు. పిల్లల్ని దింపి లెక్క చూసుకోవాల్సింది ఆవిడే అన్నాడు. ఆయాతో కలిసి హాలు కడిగిన ఇద్దరు ఆడవాళ్లు ఉద్యోగాలు పోతాయని నోరు మెదపలేదు. అదే వ్యాన్‌కి పిల్లల్ని పంపిన తల్లులు, "మేం సరిగా చూడలేదండీ" అని ముఖం చాటేశారు. వీధిలోవాళ్లు వెళ్లి ఆయా ఇంటి కిటికీ అద్దాలు పగలగొట్టి వచ్చారు. వాళ్లలో తన మొగుడు కూడా ఉన్నాడని కళ్లద్దాలమ్మకి అతని అరచేతి గాయం చూస్తే తెలిసింది. ఏమీ అడగకుండా కట్టు కట్టింది.

ఆ ఇంట్లో మాటలు పూర్తిగా తగ్గిపోయాయి. ఏదైనా మాట్లాడుకున్నారంటే ఆయాని తిట్టుకోవడమే. "దానికి మనసెలా వచ్చిందే?" అని అతనంటే, "రాక్షసి" అని ఈవిడ అనేది. ఆయాని తిట్టుకున్న రోజున అతనికి నాలుగు ముద్దలు దిగేవి. రాత్రిపూట ఆమె తల నిమిరి, "నువ్వేం చేస్తావు, నమ్మి అప్పగించావు" అనేవాడు. పెళ్లయ్యాక అతను అంత మెత్తగా మాట్లాడింది అప్పుడే. ఆ మెత్తదనాన్ని వదులుకోవడం ఆమె వల్ల కాలేదు.

కేసు విచారణకి రావడానికి కొన్నాళ్ల ముందు, ఒక ఆడమనిషి షాపులోకి వచ్చి విరిగిన కళ్లజోడు బల్ల మీద పెట్టింది. "మా అమ్మదండీ. ఎడమవైపు అద్దం పోయింది. నంబరు ఈ చీటీలో ఉంది." తలెత్తి చూసి, మాట మధ్యలోనే ఆగిపోయింది.

ఆవిడ ఆయా కూతురు. ఇక్కడ పని చేసేది ఎవరో తెలియక వచ్చిందని ముఖమే చెబుతోంది. కళ్లజోడు వెనక్కి తీసుకోబోయింది.

"ఉండనివ్వు," అంది కళ్లద్దాలమ్మ. "చేసిస్తాను."

లెన్సు మిషను మీద పెట్టింది. నీళ్లు చిమ్ముతూ రాయి తిరుగుతోంది. ఆ చప్పుడులోనే, మిషను వైపు చూస్తూనే అడిగింది: "ఎలా ఉంది అమ్మకి?"

మిషను ఆగాక ఆయా కూతురు అంది: "మొదట్లో 'నేను వ్యాన్ ఎక్కలేదే, హాలు కడిగానే' అని ఏడ్చేదక్కా. ఇప్పుడలా అనట్లేదు. మొన్న జైలుకి చూడ్డానికి వెళ్తే, 'ఎక్కానేమోనే, నాకే గుర్తులేదేమో' అంది. ఇంతమంది అబద్ధం చెబుతారా అంటోంది. 'కన్నతల్లే నా చేతికిచ్చానంటోంది కదా, ఆ తల్లి ఎందుకు అబద్ధం చెబుతుంది' అంటోంది."

కళ్లద్దాలమ్మ చేతిలోంచి లెన్సు జారి బల్ల మీద పడింది. పగల్లేదు. మళ్లీ తీసి, గుడ్డతో తుడిచి, ఫ్రేములో బిగించి ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు. ఆయా కూతురు మాత్రం నోటు బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది.

కోర్టులో కళ్లద్దాలమ్మని బోనెక్కించిన రోజు పక్క వీధుల నుంచి కూడా జనం వచ్చారు. సర్కారు వకీలు మెత్తగా, ఇంట్లో మనిషిలా అడిగాడు. "భయపడకండమ్మా. ఒక్క మాట చెబితే చాలు. ఆ రోజు పాపని ఎవరి చేతికిచ్చారు?"

భర్త ముందు వరసలో కూర్చుని, ధైర్యం చెబుతున్నట్టు తల ఊపాడు.

"ఎవరి చేతికీ ఇవ్వలేదండీ. నేనే ఎక్కించాను. ఆ రోజు వ్యాన్‌లో ఆయమ్మ లేదు."

హాలంతా గోలగోలైంది. జడ్జిగారు బల్ల మీద కొట్టి, "మరి ముందు ఆయా చేతికిచ్చానని ఎందుకు చెప్పారు?" అని అడిగారు.

"అందరూ నన్నే చూస్తున్నారండీ," అంది. అంతకంటే మంచి జవాబు ఎన్నిసార్లు వెతుక్కున్నా ఆమెకి దొరకలేదు.

ఆమె మాట విన్నాక హాలు కడిగిన ఆడవాళ్లిద్దరూ కూడా నిజం చెప్పారు. ఆయాని వదిలేశారు. డ్రైవర్‌కి కొద్దిపాటి శిక్ష పడింది. ఆయాని హాలు పనికి ఎవరు పంపారో తనకి గుర్తులేదని ప్రిన్సిపాల్ చెప్పి చేతులు దులుపుకుంది. స్కూలు వ్యాన్లకి కొత్త రంగు వేశారు, కొత్త ఆయాని పెట్టుకున్నారు.

ఇక వీధికి కళ్లద్దాలమ్మ దొరికింది. "ఆయా లేదని తెలిసీ ఎక్కించిందట." "పనికి టైమైపోతోందట మహాతల్లికి." నిన్నటిదాకా ఆమెని పట్టుకుని ఏడ్చినవాళ్లే, కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే మాటలు ఆపేసేవారు. షాపు యజమాని, గిరాకీ పడిపోతోందని, కొన్నాళ్లు ఇంట్లో ఉండమన్నాడు. అత్తగారు వచ్చి కొడుకుని తీసుకుపోయింది.

అతను బట్టల కోసం ఒక్కసారి వచ్చాడు. సంచీ సర్దుకుంటూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు: "నువ్వు ఎక్కించినందుకు కాదే. నేనైనా ఎక్కించేవాణ్ణే. ఇన్నాళ్లూ నా పక్కన కూర్చుని, నాతోపాటు ఆవిణ్ణి తిట్టావు చూడు... నేను రాయి విసిరి వచ్చిన రోజు, నా చేతికి కట్టు కట్టావు చూడు..." సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

కొన్ని వారాల తర్వాత కళ్లద్దాలమ్మ ఆయా ఇంటికి వెళ్లింది. కిటికీకి అద్దాల బదులు అట్టముక్కలు అంటించి ఉన్నాయి. కూతురు తలుపు తీసి పక్కకి జరిగింది. ఆయా మంచం మీద కూర్చుని ఉంది. సగానికి సగం తగ్గిపోయింది మనిషి.

కళ్లద్దాలమ్మ కింద కూర్చుని ఆవిడ పాదాల మీద చేతులు పెట్టింది. "ఆయమ్మా, నా వల్ల..."

"నీదేం తప్పు తల్లీ," అంది ఆయా, ఆమె చేతులు తీసి తన చేతుల్లోకి తీసుకుంటూ. "నా చేతికే కదా ఇచ్చావు. నేనే దించలేదు."

"లేదు ఆయమ్మా! నువ్వు ఆ రోజు వ్యాన్‌లో లేవు. హాలు కడుగుతున్నావు. కోర్టులో చెప్పాను కదా, అందరూ ఒప్పుకున్నారు కదా."

"నా మీద జాలితో చెప్పావు. నాకు తెలీదా?" ఆయా కళ్లు ఎక్కడో చూస్తున్నాయి. "నాకు కనబడుతూనే ఉందమ్మా. వెనక సీట్లో, కిటికీకి తల ఆనించి పడుకుంది. జలుబు కదా, నోరు కొంచెం తెరుచుకుంది. లేపుదాం అనుకున్నా. ఎంత హాయిగా నిద్రపోతోందో, కాసేపు పడుకోనిద్దాం అని..."

"అమ్మా, ఆపవే," అంది కూతురు. "అదంతా వాళ్లూ వీళ్లూ చెప్పగా విన్నది. నువ్వు చూళ్లేదు."

చూడలేదని కళ్లద్దాలమ్మకి తెలుసు. ఆ పొద్దున స్కూలు దగ్గర వ్యాన్ తలుపు మూసుకున్నాక పాప ఎలా ఉందో చూసినవాళ్లంటూ ఈ లోకంలో ఎవరూ లేరు. అయినా, కూతుర్ని ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. ఆయాకి ఇంకా దగ్గరగా జరిగి, ఆవిడ మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

"పాప భయపడలేదా ఆయమ్మా?" అని అడిగింది.

"లేదు తల్లీ," అంది ఆయా, ఆమె జుట్టు నిమురుతూ. "హాయిగా పడుకుంది."